కాలుగాలిన పిల్లి, మొరాయించే గుర్రం

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న రాత్రి ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి, "నాన్నా, రెస్ట్‌లెస్‌కీ ఫిడ్జెటీకీ ఆంట్సీకీ రెస్టివ్‌కీ తేడా ఏంటి?" అంది. ఆ సమయానికి నేను సోఫాలో కూర్చుని కుడికాలు ఎంత జోరుగా ఊపుతున్నానంటే, టీపాయ్ మీద గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి.

"అదిగో, అదే ఫిడ్జెటీ" అంది మా ఆవిడ వంటింట్లోంచి. "కాళ్లు ఊపితే ఇంట్లో లక్ష్మి నిలవదని పెళ్లయిన దగ్గర్నించీ మొత్తుకుంటున్నా."

కాదనలేను. 2017లో పిల్లలందరూ ఫిడ్జెట్ స్పిన్నర్లు తిప్పుతుంటే మా పిల్లకీ ఒకటి కొన్నాను. బేరింగు అరిగేదాకా తిప్పింది మాత్రం నేనే.

రెస్ట్‌లెస్ అంటే ఒళ్లు ఊరుకున్నా మనసు ఊరుకోకపోవడం. రాత్రి రెండింటికి లేచి గ్యాస్ కట్టేశామో లేదో చూడటం, ఎలాగూ లేచాం కదా అని ఫ్రిజ్ తలుపు తీసి, ఏమీ తీసుకోకుండా మూసేయడం. ఆంట్సీ అమెరికా వాళ్ల మాట, ప్యాంటులో చీమలు దూరాయని. మన కాలుగాలిన పిల్లికి దగ్గర చుట్టం. నాకది రైలెక్కే రోజున వస్తుంది. ఆరున్నర బండికి మూడింటికే సికింద్రాబాద్ స్టేషన్లో ఉంటాం. మా ఆవిడ సూట్‌కేసు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటుంది. నేను ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి కొలుస్తాను.

ఆత్రం, ఆరాటం, ఆదుర్దా, తహతహ అని తెలుగులోనూ బోలెడున్నాయి. ఆవిడ మాత్రం అన్నిటికీ కలిపి "కుదురు లేదు" అని సరిపెడుతుంది.

ఇక రెస్టివ్. ఇది రెస్ట్‌లెస్‌కి తమ్ముడనుకుని ఎన్నో ఏళ్లు ధీమాగా వాడేశాను. పిల్ల ముందు పరువు కోసం నిఘంటువు తీద్దును కదా, 'ఉండిపోవడం' అనే లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా ఇలా వచ్చిందట. మొదట్లో గుర్రాలకి వాడేవారు, ఎంత అదిలించినా అడుగు ముందుకెయ్యక మొరాయించే గుర్రాలకి! కళ్లేనికి లొంగక పెనుగులాడటం, అక్కణ్ణించి కుదురులేకపోవడం తర్వాత వచ్చి చేరిన అర్థాలు. గుర్రం సంగతి గట్టిగా చదివి వినిపించడం నా తప్పే.

"మినప్పప్పు తెమ్మని పొద్దుట్నించీ చెబుతున్నా" అంది ఆవిడ గుమ్మంలోకి వచ్చి. "ఇంకాసేపట్లో కొట్టు కట్టేస్తాడు."

"ఈ పేజీ అవగానే వెళ్తా" అన్నాను, కాలు ఊపుతూనే.

పిల్ల గబగబా సొంతవాక్యం రాసుకుంటోంది. తొంగిచూస్తే, రెస్టివ్ వాక్యంలో కర్త నేనే. కొట్టెయ్యమ్మా అని బతిమాలాను.

"నిజంగా చూసినవే రాయమన్నారు మా మేడమ్" అంది.