సెలవుల లేఖకు టీకాతాత్పర్యము

అవతారిక

మూలములేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ పట్టి కాళిదాసకావ్యములకు సంజీవని పోసిన కోలాచల మల్లినాథసూరి మన మెతుకుసీమ వాడే యైనను, ఆ ప్రతిజ్ఞలో రెండవ సగము ఈ వ్యాఖ్యాతకు మోయరాని బరువని మొదటనే విన్నవించుచున్నాను. మొదటి సగమునందును చిన్న చిక్కు గలదు. ఇందు వ్యాఖ్యానింపబడు మూలము ఏ యొక్కరి రచనయు గాదు; అమెరికాలోని చిన్న ప్రచురణసంస్థల నీడన ఫాంటసీ నవలలును సైన్స్ ఫిక్షన్ కథలును వ్రాయువారు ఏటేట డిసెంబరు మాసమున తమ పాఠకులకు బంపుకొను కుశలవార్తలలో మరల మరల వినవచ్చు వాక్యములను గ్రహించి వ్యాఖ్యాతయే కూర్చిన పాఠమిది. తాను చెప్పిన లక్షణములకు తాను వ్రాసిన శ్లోకములనే ఉదాహరణములుగా నిచ్చిన జగన్నాథ పండితరాయలు ముందు నడచియుండగా ఇందులకు వేఱు సమర్థన మక్కఱలేదు. లేఖను వ్రాసిన నాయిక పగలు ఒక కొలువున లెక్కలు చూచి, రాత్రి డ్రాగన్లను పెంచునదిగా నూహించుకొనవలయును.

మూలము

“మిత్రులారా! సెలవుల శుభాకాంక్షలు. నా త్రయమునందలి మొదటి నవల ఈ వారమంతయు ఈ-పుస్తకముగా 99 సెంట్లకే లభించును. సంతకము చేసిన అచ్చుప్రతులు కొలదిగా మిగిలినవి. పండుగకు అందవలెనన్న త్వరపడుడు. ఒక శీతకాలకథాసంకలనమున నా దయ్యపుకథ వెలువడినది. నవలకు చేయూతనిచ్చిన దాతలకు కృతజ్ఞతలు. పురస్కారములకు అర్హములైన ఈ యేటి నా రచనల పట్టిక దిగువ నున్నది. మూడవ నవల సాగుచున్నది. పిల్లి కుశలము.”

టీక

మిత్రులారా: సంబోధన, బహువచనము. పూర్వమొక పుస్తకము కొన్నవారు, కొందుమని చెప్పినవారు, బంధువులు, తమతమ సెలవుల లేఖలను ఈమెకు బంపు సాటి రచయితలు అని మిత్రులు నాలుగు తెగలు. నాలుగవ తెగయే పెద్దది. సెలవుల శుభాకాంక్షలు: ఏ సెలవులో పేర్కొనలేదు. క్రిస్మస్, యూదుల హనుక్కా, ఆఫ్రికన్ అమెరికనుల క్వాంజా, ఆ వెంటనే నూతన సంవత్సరము, ఇన్నియు గుమిగూడు కాలమున ఒకదానిని బేర్కొన్న మిగిలినవారు చిన్నబుచ్చుకొందురు గనుక ఈ సర్వసమానమైన మాట వాడుకకు వచ్చినది. కావ్యమును ఆశీస్సుతోనో నమస్క్రియతోనో వస్తునిర్దేశముతోనో ఆరంభింపవలెనని పెద్దలు విధించిరి. మన నాయిక ఆశీస్సును రెండు మాటలలో ముగించి తత్‌క్షణమే వస్తునిర్దేశమునకు దిగినది. ఆ వస్తువు వెలకట్టిన సరకగుట ఆలంకారికులు ఊహింపనిది.

99 సెంట్లకే: తుదినున్న ఏకారము అవధారణార్థకము, ఇంత తక్కువకా యని పాఠకుడు అబ్బురపడుటకు బెట్టినది. 2007 నవంబరున కిండిల్ యంత్రమును విపణికి దెచ్చిన అమెజాన్ వారు 2010 నుండి పాటించుచు వచ్చిన విధానమున, 2.99 మొదలు 9.99 డాలర్ల వఱకు వెలగల ఈ-పుస్తకమునకు వెలలో 70 శాతము ప్రచురించినవారికి దక్కవచ్చును. వెల అంతకు దిగినచో 35 శాతమే. కావున 2.99 డాలర్ల ప్రతి యొకటి చెల్లిన రెండు డాలర్ల పైచిలుకు చేతికి వచ్చునేని, 99 సెంట్ల ప్రతికి ముప్పదియైదు సెంట్లును నిండవు; ఒక ప్రతి ఫలమును బొందుటకు ఆఱు ప్రతుల నమ్మవలెను. ఆ సెంట్లును మొదట ప్రచురణకర్త గడప దాటి, ఒడంబడికలోని పాలు తఱిగి, పిదప నాయికను జేరును, చేరకపోవుటయు గలదు. 1948లో నెలకొనిన గ్నోమ్ ప్రెస్ అను చిన్న సంస్థ 1950లో ‘ఐ, రోబాట్’ను, 1951లో ‘ఫౌండేషన్’ను అచ్చువేసి ఐజాక్ అసిమోవ్ కీర్తికి పాదు గట్టినదే కాని, రావలసిన రాయల్టీ ధనము సరిగా రాలేదని ఆయన చెప్పికొనుచునే యుండెను. ఇంత నష్టమున కేల యొడిగట్టవలెనని పూర్వపక్షము. ‘త్రయమునందలి మొదటి’ అను విశేషణమే దానికి సమాధానము. మొదటిది చదివినవాడు రెండవదానిని నిండు వెలకు గొనునని ఆశ. పండుగనాటి ఉదయమున చదువుయంత్రమును కానుకగా బొందినవారు దానిలో నింపుటకు ఏదియో యొకటి వెదకుదురు గనుక వారమును గూడ బుద్ధిపూర్వకముగానే యెంచినది. కథ పెరిగినందుననే మూడు సంపుటములైనవని రచయితలు చెప్పుదురు. వ్యాఖ్యాత వారి మాటను ద్రోసిపుచ్చడు, నమ్మడు.

కొలదిగా మిగిలినవి: ఎన్ని అచ్చైనవో చెప్పక, మిగిలినవి కొన్నియే యనుట చమత్కారము. ఈ ప్రయోగమునకు ప్రాచీనోదాహరణము కావలెనన్న 1939కి బోవలెను. 1937లో భయానకకథారచయిత లవ్‌క్రాఫ్ట్ మరణించిన పిమ్మట ఆయన కథలను బెద్ద సంస్థలు చేపట్టకుండుటచే, ఆగస్ట్ డెర్లెత్, డోనాల్డ్ వాండ్రై అను ఇద్దఱు అభిమానులు విస్కాన్సిన్ రాష్ట్రమునందలి సాక్ సిటీ యను చిన్న యూర అర్ఖామ్ హౌస్ అను సంస్థను నెలకొల్పి, ‘ది అవుట్‌సైడర్ అండ్ అదర్స్’ అను సంపుటమును 1,268 ప్రతులు వేసిరి. వెల ఐదు డాలర్లు. అవి చెల్లుటకు నాలుగేండ్లు పట్టెను. నేడు అందొక్క ప్రతికొఱకు పుస్తకసంగ్రాహకులు వేల డాలర్లు వెచ్చింతురు. అయితే నేటి చిన్న సంస్థలలో బెక్కు, ఎవరైన అడిగినప్పుడే యొక ప్రతిని ముద్రించు పద్ధతి ననుసరించును గనుక, గోదామున మిగులుట యను ప్రసక్తియే లేదు. ఇచట మిగిలినవి నాయిక తగ్గింపు వెలకు తానే కొని మంచము క్రింద దాచుకొన్నవి యని గ్రహింపవలెను. అందుచే ‘కొలదిగా’ అన్నచోట ‘కొల్లలుగా’ అను పాఠాంతరమే సాధువని తోచుచున్నది.

త్వరపడుడు: పాఠకునికి జెప్పినట్లున్నను ఇది అమెరికా తపాలాశాఖ నుద్దేశించిన ప్రార్థన. పుస్తకములకై ఆ శాఖయందు మీడియా మెయిల్ అను చౌక పద్ధతి గలదు. అది తన చౌకతనమునకు దగిన మెల్లదనముతో నడచును.

దయ్యపుకథ: శుభదినమున భూతప్రసంగ మేల యని శంకింపరాదు. ఆంగ్లేయులకు దీర్ఘమైన చలిరాత్రులయందు అగ్గిచుట్టు జేరి దయ్యములను దలచుకొనుట పాత అలవాటు. దానికి గ్రంథరూపమున శాశ్వతత్వము గల్పించినవాడు చార్లెస్ డికెన్స్. ఆయన ‘ఎ క్రిస్మస్ కేరల్’ 1843 డిసెంబరు 19న వెలువడెను. అచ్చుఖర్చులన్నియు గ్రంథకర్తయే భరించెను. అట్టయు, బంగారుపూతయు, జాన్ లీచ్ చిత్రములకు చేతితో వేయించిన రంగులును తన యభిరుచి కొలదిని చేయించి, వెలను మాత్రము అందఱికి నందుబాటున ఐదు షిల్లింగులుగా నిర్ణయించెను. మొదటి 6,000 ప్రతులు క్రిస్మస్‌కు ముందునాటికే చెల్లిపోయెను. ఇంతటి విజయమునకు వేయి పౌనుల లాభమెదురు చూచిన ఆ మహారచయితకు లెక్కలు తేలునప్పటికి ఆ 6,000 ప్రతులమీద దక్కినది 230 పౌనులు. మఱుసటి నెలలో ఆ కథను దొంగముద్రణ చేసినవారిపై వ్యాజ్యము వేసి గెలిచెను. గెలిచిన వెంటనే వారు దివాలా తీయగా కోర్టుఖర్చులు 700 పౌనులు ఆయన నెత్తినే పడెను. పుస్తకము చెల్లుట వేఱు, ధనము వచ్చుట వేఱు అను శాస్త్రము నాటికే స్థిరపడియున్నదని తెలిసిన మన నాయికకు గొంత యూఱట.

అట్లని పండుగకథలన్నియు చలిమంటవలె వెచ్చగా నుండవలెనను నియమము లేదు. ఆర్థర్ సి. క్లార్క్ వ్రాసి 1956లో హ్యూగో పురస్కారమందిన ‘ది స్టార్’ అను చిన్నకథలో, నక్షత్రశాస్త్రజ్ఞుడైన యొక జెసూట్ మతగురువు సుదూరాంతరిక్షమున ఒక విస్ఫోటనపు శిథిలములను బరీక్షించి, బెత్లెహేముపై వెలిగిన తార ఏ సుందరనాగరకతను భస్మము చేసి వెలిగినదో కనుగొనును. పండుగపూట చదువదగిన దింతకన్న కఠినమైనది వ్యాఖ్యాత యెఱుగడు. ఇక ప్రతిఫలమన్ననో, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘము వృత్తిరచనకు దగిన కనీసపు వెలగా మాటకు 8 సెంట్లు నిర్ణయించినది. నాలుగువేల మాటల కథకు 320 డాలర్లన్నమాట. చిన్న సంకలనములలో బెక్కు దీనికి జాల దిగువనే నిలుచును. కొందఱు సంకలనకర్తలు ఒక ప్రతి నిచ్చి నమస్కరింతురు.

దాతలకు: మన ప్రబంధకవికి కృతిపతి యొక్కడు దొరకిన జాలును; అవతారికలో వాని వంశమును వర్ణించి, షష్ఠ్యంతములతో వాని పేరు మ్రోగించి కవి కృతార్థుడగును. 2009లో కిక్‌స్టార్టర్, 2013లో పేట్రియాన్ అను చందాల వేదికలు పుట్టిన పిమ్మట అమెరికాలోని కృతిపతిత్వము వాటాలుగా నమ్ముడగుచున్నది. తలకైదు డాలర్లిచ్చినవారి పేర్లు గ్రంథారంభమున వరుసగా నచ్చగును. షష్ఠీవిభక్తి యొక్కటే లోపము. 2022లో బ్రాండన్ శాండర్సన్ అను ఫాంటసీకర్త నాలుగు నవలలకని కోరగా నాలుగు కోట్ల డాలర్లకు మించి పోగైనది. ఆ కథ విన్ననాటినుండి చిన్న రచయితలకు నిదుర చెడినదని చెప్పుదురు.

అర్హములైన: ఈ పదమును జూచి అహంకారమని భ్రమపడరాదు. ఆ సంవత్సరమున అచ్చైయుండుటయే ఇచట అర్హత. 1953లో ఫిలడెల్ఫియాలో మొదలైన హ్యూగో పురస్కారమునకు ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ సభ్యులును, నెబ్యులాకు రచయితల సంఘసభ్యులును ఓటువేయుదురు. మన పెద్దలు కావ్యమును ధ్వనిని బట్టి ఉత్తమ మధ్యమాధమములుగా విభజింపగా, వీరు మాటలు లెక్కించి విభజించిరి: 7,500 మాటలకు లోబడిన చిన్నకథ, 17,500కు లోబడిన నావెలెట్, 40,000కు లోబడిన నావెల్లా, పైది నవల. నాయిక తన ప్రతిరచనకు ఎదుట దాని తెగను గూడ వ్రాసినది. నన్ను వరింపుడని నోరువిడిచి యడుగక, స్వయంవరమంటపమున నేనును నిలిచియున్నానని ప్రకటించుట మర్యాదయే.

సాగుచున్నది: వర్తమానకాలక్రియ. లేఖకు జీవగఱ్ఱ ఇదియే యని వ్యాఖ్యాత సిద్ధాంతము. మునుపటి వాక్యములన్నియు ముగిసినవానిని గూర్చి పలుకును. ముగిసినది కనుకనే దానికి వెలయు, గడువును, పురస్కారపు తెగయు నేర్పడినవి. ఈ వాక్యమున అమ్ముటకేమియు లేదు. నవంబరు మాసమున ముప్పది దినములలో 50,000 మాటలు, అనగా దినమునకు 1,667 మాటల చొప్పున, వ్రాయవలెనను నానోరైమో వ్రతమును నిర్వహించిన సంస్థ 2025లో మూతపడినను, ఆ వ్రతమును విడువనివారు పెక్కుమంది గలరు. నాయికయు వారిలో నొక్కతె. కొలువునుండి వచ్చి, వంట ముగించి, వ్రాసినందులకు ముప్పదియైదు సెంట్లలో పాలు వచ్చునని తెలిసియే మూడవ సంపుటమునకు గూర్చుండెను. కొందఱీ లేఖయందు కరుణము ప్రధానరసమందురు. అది పొరపాటు. శోకమిచట సంచారిగా నైనను గానరాదు. స్థాయిభావ ముత్సాహము, రసము వీరము. దానవీరమా యుద్ధవీరమా యని యడిగిన రెండును గలవని చెప్పవలసియుండును.

పిల్లి కుశలము: ఇది ప్రక్షిప్తమని శంకించినవారు పరంపర నెఱుగనివారు. ఫాంటసీ నవలాకారుడు టోల్కీన్ 1920 మొదలు 1943 వఱకు తన బిడ్డలకు క్రిస్మస్ తాత పేర ఉత్తరధ్రువమునుండి వచ్చినట్లు ఏటేట లేఖలు వ్రాసి, వణకు చేతివ్రాతతో బొమ్మలతో పండుగవార్తలు తెలిపెను. 1976లో గాని అవి గ్రంథము కాలేదు. ఆ లేఖలయందు ఉత్తరధ్రువపు ఎలుగుబంటి చేసిన యల్లరి లేని యేడు అరుదు. అంచులలో మందపు అక్షరములతో తన మాట తాను వ్రాసికొనుటయు దానికి వాడుక. కావున సెలవుల లేఖయందు మృగప్రస్తావనము సంప్రదాయసిద్ధము. ఇచటి పిల్లి యేమైన వ్రాసెనా యన్నచో, పురస్కారముల పట్టికలో రెండవ కథ పేరునకు వెనుక అర్థములేని యక్షరములు నాలుగు కానవచ్చుచున్నవి. అవి ముద్రారాక్షసమని దిద్దబోవు పరిష్కర్తలకు మనవి: పాదముద్ర స్పష్టముగా నున్నది, పాఠమును యథాతథముగా నుంపవలయును.