లేని గ్రాముల ఖరీదు

మా ఇంట్లో చేపలు తెచ్చేది నేనే. ఆదివారం పొద్దున్నే పెదజాలారిపేట వెళ్లి, బేరమాడి, డబ్బిచ్చి తెస్తాను. గాలం వేయడానికి వెళ్లడమనేది పూర్తిగా వేరే శాఖ. ఆ శాఖకు బడ్జెట్ ఉంది, సామగ్రి ఉంది, సిబ్బందీ ఉన్నారు, అంటే నేనే. ఉత్పత్తి సంగతి మాత్రం అడగకూడదు. ప్రభుత్వంలో అలాంటివి ఎన్ని లేవు?

ఈ మధ్య ఆ శాఖ ఒక ప్రతిపాదన పెట్టింది. చెరువుకీ సముద్రానికీ ఒక్కటే పనికొచ్చే గాలం దారం చుట్టే తేలికపాటి స్పిన్నింగ్ రీలు కొనాలి. వినడానికి పొదుపు మాటే, రెండు రీళ్ల బదులు ఒకటి. ఇలాంటి పొదుపు పథకాలతోనే మా అటక నిండిపోయింది.

మా ఊరు విశాఖపట్నం కావడం నాకు కలిసొచ్చిన వాదన. తీరం వెంబడి భీమిలి దాకా పోతే అక్కడ గోస్తని సముద్రంలో కలుస్తుంది. ఒకే పూటలో అలల మీదకీ విసరొచ్చు, నాలుగడుగులు వెనక్కి నడిచి ఏటి మొగలోకీ విసరొచ్చు. లోపలి ఊళ్లకు పోతే కొరమీను చెరువులు. ఈ విషయంలో నాకు ఆదర్శం పండుగప్ప. అది ఉప్పునీళ్లలో పుట్టి, మంచినీళ్లలోకి ఎగబాకి పెరిగి, గుడ్లు పెట్టే వేళకి మళ్లీ ఉప్పునీళ్లకే దిగుతుంది. పైగా సాధారణంగా మగచేపగా మొదలై, కొన్నేళ్లకు ఆడచేపగా మారుతుంది. వయసుతోపాటు బుద్ధి వస్తుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలంటుంది మా ఆవిడ.

రీళ్లకు చెప్పుల్లాగే నంబర్లుంటాయి. 1000 అంటే చిన్నది, వాగుల్లో చిరుచేపలకు. 4000 అంటే అలల ఒడ్డున కాస్త ఒళ్లున్న చేపలకు. రెండు పడవలకూ మధ్య నిలబడే నాబోటివాడికి 2500 లేదా 3000. ఒక కంపెనీ 2500 ఇంకో కంపెనీ 2500కి సమానం కానక్కర్లేదని ముందే తెలిసుంటే నేను రాత్రిళ్లు ఇంకా ఎక్కువసేపు మేలుకుని ఉండేవాణ్ని. కాబట్టి తెలియకపోవడమే మంచిదైంది.

అసలు గొడవ బరువు దగ్గర వచ్చింది. మా ఆవిడ కేకుల కోసం కొన్న డిజిటల్ కాటా మీద నా పాత రీలు పెట్టాను. 275 గ్రాములు. ఒక మిత్రుణ్ని బతిమాలి తెచ్చిన ఖరీదైన రీలు పెట్టాను. 205. ఆ అంకె చూసి నాకు ఒళ్లు పులకరించింది. 'డెబ్భై గ్రాములు తక్కువ!' అన్నాను, పిల్లాడికి ర్యాంకు వచ్చినట్టు.

'మరి ధర?'

'పద్నాలుగు వేలు ఎక్కువ.'

ఆవిడ మైదా జల్లిస్తూనే లెక్క కట్టింది. 'గ్రాము రెండొందలు. బంగారం కొంటే ఉన్న గ్రాములకు డబ్బిస్తాం. మీరు లేని గ్రాములకు ఇస్తున్నారు. అంతా తరుగేనా?'

నేను శాస్త్రం ఎత్తుకున్నాను. ప్లాస్టిక్ చేపో రబ్బరు కప్పో కట్టి రోజంతా విసురుతూ, చుడుతూ ఉండేవాడికి చేతిలో ప్రతి గ్రామూ సాయంత్రానికి కిలో అవుతుంది. మణికట్టు లాగేస్తుంది. తేలిక రీలు అందుకే. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే నా పద్ధతి వేరు. రొయ్య గుచ్చి, ఒక్కసారి విసిరి, కర్రను ఇసుకలో పాతిన పీవీసీ గొట్టంలో నిలబెట్టి, మడత కుర్చీలో కూర్చుని ఫ్లాస్కు మూత తీస్తాను. రీలు బరువు మోసేది ఆ గొట్టం. దానికి మణికట్టు లేదు. ఈ సంగతి ఆవిడకు తెలుసు, ఎందుకంటే ఫ్లాస్కు నింపేది ఆవిడే.

సరే, తేలికతనం ఎక్కణ్నుంచి వస్తుందో కూడా చదివాను. మెగ్నీషియం ఒళ్లయితే చాలా తేలిక, కానీ పైపూత ఎక్కడైనా గీరుకుపోయిందా, ఉప్పు దాన్ని తినేస్తుంది. అల్యూమినియం గట్టిది, కాస్త బరువు. కార్బన్ కలిపిన ప్లాస్టిక్ తేలిక, తుప్పు మాటే లేదు. అయితే అందులో చవకరకం తీసుకుంటే పెద్ద చేప లాగినప్పుడు ఒళ్లు వంగి, లోపల పళ్లచక్రాలు ఒకదానితో ఒకటి సరిగ్గా కుదరవు. పెద్ద చేప లాగడం అనే ప్రమాదం నాకు రాకపోయినా, దానికి సిద్ధంగా ఉండడం మగాడి లక్షణం.

'దీంట్లో బేరింగులు పది!' అన్నాను చివరి అస్త్రంగా.

'అంటే తుప్పు పట్టడానికి పది చోట్లు' అంది.

విశాఖలో కాపురం చేసిన మనిషితో ఉప్పుగాలి గురించి వాదించకూడదు. కిటికీ ఊచలు, ఫ్రిజ్ కాళ్లు, గేటు గొళ్లెం, అన్నీ ఏడాదికోసారి ఎలా పొట్టు రాలుస్తాయో ఆవిడకు కంఠతా. నిజానికి ఆవిడన్నదే సరి. బేరింగులు ఎన్నున్నాయన్నది డబ్బా మీద అంకె. లోపలికి నీరు పోకుండా ఎక్కడెక్కడ సీల్ వేశారన్నది అసలు విషయం. అందులోనూ ముందు పోయేది దారాన్ని స్పూల్ మీదకి మళ్లించే చిన్న రోలరు, ఎందుకంటే ఉప్పునీళ్లు కారే దారమంతా దాని మీద నుంచే వెళ్లాలి.

చివరికి 'కొనుక్కోండి, ఏదో ఒకటి పట్టుకుని ఓ మూల కూర్చుంటారు' అని అనుమతి ఇచ్చింది. ఇంత అవమానకరంగా అనుమతి ఇస్తే మర్యాదస్తుడు మానేస్తాడు. నేను ఆ సాయంత్రమే కొన్నాను.

అల్లిన సన్నదారం చుట్టాలంటే నున్నటి స్పూల్ మీద అది జారుతుంది, అందుకని అడుగున కొన్ని చుట్లు నైలాన్ దారం వేయాలి. పండుగప్ప చెంపల అంచు బ్లేడులా ఉంటుంది గనక కొసన మందపాటి దారం ముడెయ్యాలి. డ్రాగ్ అని ఒకటుంది. చేప బలంగా లాగితే దారం తెగకుండా కొద్దికొద్దిగా వదిలే ఏర్పాటు. దారం ఓర్చుకునే బరువులో పావు నుంచి మూడో వంతుకు బిగించాలి. పరీక్షకని కొస తీసుకెళ్లి ఐదు కిలోల బియ్యం సంచికి కట్టి, హాల్లో వెనక్కి నడుస్తూ కర్ర ఎత్తాను. రీలు కిర్రుమని పాడింది. ఆ పాట ఇప్పటిదాకా బియ్యానికే పాడింది.

సముద్రం నుంచి రాగానే దానికి స్నానం. డ్రాగ్ బిగించి, లోపలి వాషర్లకు నీళ్లు పోకుండా, కుళాయి సన్నగా వదిలి కడగాలి. జోరుగా కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, వాషర్లు నొక్కుకుపోకుండా డ్రాగ్ వదులు చేయాలి. ఆపైన రోలరు మీద ఒక చుక్క కుట్టుమిషను నూనె. ఇదంతా చేస్తుండగా, నేను తిన్న కంచం నేనెన్నడైనా కడిగానా అన్న అంశం బాత్రూము గుమ్మం దగ్గర ప్రస్తావనకు వచ్చింది. తువ్వాలు ఎవరిదన్నది కూడా.

ఇంతా చేశాక ఒడ్డున ఓ చిక్కు బయటపడింది. నాది తొమ్మిదడుగుల కర్ర. చెయ్యి పట్టుకునే చోట రీలు బరువుంటేనే ఆ కొస పైకి లేస్తుంది. రీలు తేలికైపోయేసరికి కొస ముందుకు వాలి, పట్టుకున్న కాసేపటికే మణికట్టు లాగడం మొదలుపెట్టింది. తెలిసినవాళ్లను అడిగితే, కర్ర మొదట్లో కొంచెం సీసం చుట్టమన్నారు. వలలకు కట్టే సీసం గుళ్లు తెచ్చి, ఒక్కొక్కటీ కలుపుతూ, తూగు కుదిరిందాకా టేపు చుట్టాను. కర్ర చక్కగా నిలిచింది.

ఎంత బరువు గుళ్లు పట్టాయో తెలుసుకుందామని టేపు విప్పి, అవన్నీ కాటా మీద పోశాను. వెనక నుంచి ఆవిడ అంకె చదివింది.

'డెబ్భై రెండు. ఎంతకు తెచ్చారు?'

'నలభై రూపాయలు.'

'పద్నాలుగు వేలిచ్చి తీయించారు, నలభై ఇచ్చి మళ్లీ పెట్టించారు. బానే ఉంది. మజూరీ ఎంతో చెప్పలేదు?'