మేడ మీద సూర్యుడు

ఈ మాట మీలోనే ఉంచుకోండి. మేఘా ఇంజినీరింగ్ వాళ్ల చిరునామా మా బాలానగర్ టెక్నోక్రాట్ ఇండస్ట్రియల్ ఎస్టేట్. అనంతపురం జిల్లా నాగలాపురంలో అద్దాలతో ఎండను పోగుచేసి కరెంటు తీసే 50 మెగావాట్ల కేంద్రాన్ని 2014 నవంబరులో మొదలుపెట్టింది వాళ్లే. కట్టింది వాళ్లు, మీసం మెలేసింది నేను. మన పేటవాళ్ల ఘనత మనదే అనుకోనివాళ్లు ఎవరు చెప్పండి?

ఆ ఊపులో బామ్మర్ది ముందు నోరు జారాను. "అద్దాలేగా! మేడ మీద ఎండతో టీ కాచిస్తా, చూడు." పాత డిష్ యాంటెన్నాకి అద్దం ముక్కలు అతికించాను. ఆదివారం మధ్యాహ్నం చుట్టాలంతా మేడెక్కారు. వేలాడదీసిన గిన్నె అడుగున వెలుగు చుక్క కుదిరింది. నీళ్లు సన్నగా సలసలమన్నాయి. ఇంకేం, కుర్చీ వేసుకుని ఉపన్యాసం అందుకున్నాను, నాగలాపురం అన్నాను, నూనె అన్నాను, టర్బైను అన్నాను, నేను ఆవిరి దాకా వచ్చేసరికి సూర్యుడు పడమటికి జరిగాడు, చుక్క తూర్పుకి జరిగింది, గిన్నె కట్టిన నైలాన్ తాడుని పట్టింది, తాడు కరిగింది, గిన్నె డిష్ మీద పడింది, అద్దాలు ఫెళ్లుమన్నాయి.

"టీ ఏది బావా?" అన్నాడు వాడు.

నాగలాపురంలో దోనెలా వంచిన అద్దాలు పొద్దుతో పాటు తూర్పు నుంచి పడమటికి తిరుగుతూనే ఉంటాయి. వాటి నడుమ గొట్టంలో నూనె 390 డిగ్రీల దాకా కాగుతుంది, ఆ వేడికి నీళ్లు ఆవిరై టర్బైనుని తిప్పుతాయి. ఇదంతా చదివినవాణ్నే. గొప్పలకి పనికొచ్చేది గుర్తుంచుకుని, గిన్నెకి పనికొచ్చేది వదిలేశాను. మనందరి చదువూ చాలాసార్లు ఇంతే కదా.

అద్దాలకి మబ్బు పడకూడదు, నేరుగా పడే ఎండే కావాలి. ఖర్చూ ఎక్కువే. 2010లో జాతీయ సౌర మిషన్ కింద ఇలాంటివి ఏడు, మొత్తం 470 మెగావాట్లకి కేటాయిస్తే, గ్రిడ్‌కి ఎక్కినవి మూడే. ఈలోగా సోలార్ ప్యానెళ్ల కరెంటు 2017లో రాజస్థాన్ భడ్లాలో యూనిట్ 2.44 రూపాయలకి దిగింది.

అయినా నా మనసు అద్దాల మీదే. స్పెయిన్‌లోని అండాసోల్‌లో ఈ వేడిని కరిగిన ఉప్పులో దాచి, పొద్దుగూకాక ఏడున్నర గంటల పాటు కరెంటు తీయగలుగుతున్నారు. సాయంత్రం మా వీధిలో ఏసీలన్నీ ఒక్కసారిగా మోగే వేళకి ప్యానెళ్లు నిద్రపోతాయి. మనకి కావాల్సింది సరిగ్గా ఆ వేళ కరెంటే. అనంతపురం ఎండని రాత్రికి దాచే కేంద్రం మన దగ్గరా రావాలని నా కోరిక. ఈసారి మాత్రం వాళ్లు కట్టి చూపించాకే మాట్లాడతాను.