చంద్రుని పక్షమువారు

ప్రతి సంవత్సరమును భాద్రపద శుద్ధ చవితినాడు, చేత అక్షతలు పట్టుకొని గుమ్మడిదలలో ఇంటింటను భక్తితో ఆలకించు వ్రతకథయందు, ఉండ్రాళ్లు కడుపార నారగించి, కైలాసమున తల్లిదండ్రులకు మ్రొక్కబోయి, వంగలేక అవస్థపడుచున్న లంబోదరుని జూచి శివుని శిరముననున్న చంద్రుడు ఫక్కున నవ్వెననియు, అందుకు పార్వతీదేవి వానిని శపించెననియు ఉన్నది. పరుల పొట్టను జూచి నవ్వుట పాపమని ఇంతకంటె స్పష్టముగ చెప్పిన కథ నే నెరుగను. అయినను అక్షతలు నెత్తిన పడి, నీలాపనిందల భయము తీరిన మరుక్షణమే పెద్దమ్మ ఆ ఇంటి ఆడపిల్లను జూచి, “ఏంది బిడ్డా, గింత దొడ్డుగైనవ్? గిట్లైతే సంబంధాలెట్లొస్తయ్?” అనును.

బొంతపల్లి, గడ్డపోతారం కంపెనీలలో ఎన్నో రోగములకు మందులు తయారగుచున్నవి గాని, ఈ పరామర్శకు మాత్ర పుట్టలేదు. ఆ పిల్ల మొదట అందరితోపాటు తానును నవ్వును; పిమ్మట పెండ్లిండ్లకు పోవుట మానును; పదిమందిలో పిడికెడు తిని, ఒంటరిగ నున్నపుడు ఆ దుఃఖముతోనే ఎక్కువ తిని, తన్ను తానే తిట్టుకొనును; తుదకు జ్వరము వచ్చినను, ముందుగ త్రాసు ఎక్కుమందురను జంకుతో ఆసుపత్రికి పోదు. వంశము, నిద్ర, రాత్రి షిఫ్టు, వాడు మందులు, ఇవన్నియు బరువును పెంచగలవని వైద్యులు మొత్తుకొనుచుండ, స్థూలకాయము కేవలము ఇచ్ఛాధీనమను తలంపునకు ప్రమాణము లేదనియు, దానిని బట్టి అవమానించుట దేహమునకును మనస్సునకును హానియనియు బహుదేశ నిపుణులు 2020లో నేచర్ మెడిసిన్ పత్రికయందు ప్రకటించిరి. పెద్దమ్మకు ఆ పత్రిక రాదు. ఆమెకు త్రాసుతోను పనిలేదు, చూపు చాలును.

నగరపు చెత్త మాకేలయని 2025లో ప్యారానగర్ డంపింగు యార్డునకు ఎదురు నిలిచి, దీక్షలకు కూర్చున్న ప్రాంతము మనది. అంతటి పౌరుషవంతులమై, బంధువర్గము పారబోయు మాటలను మాత్రము మన పిల్లలు నోరెత్తక మోయవలె ననుట ఏమి న్యాయము? కాన బిడ్డలారా, ఆ నవ్వులో మీ నవ్వు కలుపకుడు. “నా బరువు సంగతి డాక్టరుతోని మాట్లాడుకుంట, నువ్వు ఫికర్ జెయ్యకు” అనుడు. వైద్యులారా, త్రాసును వరండాలో గాక గదిలో నుంచుడు. జ్వరమని వచ్చినవారికి ముందుగ జ్వరమునకే వైద్యము చేయుడు. తల్లులారా, పెద్దమ్మకు చెప్పవలసిన ఆ జవాబును మీ బిడ్డకంటె ముందు మీరే చెప్పుడు.