గోడకానుకుని వంద గంటలు

"డాక్టరు గారు పేషెంటుతో ఉన్నారు, మీ నంబరివ్వండి" అన్న రిసెప్షనిస్టు తిరిగి ఫోన్ చేసిన పాపాన పోలేదు. పళ్ళు చూపించుకుంటామంటే రేపు పొద్దున్నే రమ్మనే వాళ్ళు, "మా అమ్మాయి మీ వెనకాల నిలబడి చూస్తుందండీ" అనేసరికి పేషెంట్ల ప్రైవసీ గుర్తు చేసుకుంటారు. డాక్టరు వెనకాల నిలబడి పని చూడటాన్ని షాడోయింగ్ అంటారు. డెంటల్ స్కూలుకి అప్లై చేసేలోపు వంద గంటలైనా ఇలా నిలబడాలన్నది చాలా కాలేజీల ముచ్చట.

"నిలవడి చూసుడుకు గంటలు లెక్కవెడ్తరా? పైసలిస్తరా?" అంది, వరంగల్ నుంచి మా ఇంటికి డల్లాస్ వచ్చిన అమ్మ. ఇవ్వరన్నాను. "అయితే మనమే ఇయ్యాల్నా?" అంది. ఆ ముచ్చటా త్వరలోనే తీరేలా ఉంది.

మా రోజుల్లో ఎంసెట్ ర్యాంకు ఒక్కటే. ఎంబీబీఎస్ సీటు రాకపోతే బీడీఎస్, దానికో పూట ఏడుపు, అంతే. ఇక్కడ ముందు నాలుగేళ్ళ డిగ్రీ. అది చదువుతూనే జీపీఏ కాపాడుకోవాలి, డ్యాట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి, ప్రొఫెసర్ల చేత సిఫార్సు ఉత్తరాలు రాయించుకోవాలి. టెక్సస్ కాలేజీలకో అప్లికేషన్, మిగతా దేశానికి మరోటి. సీటొస్తే మళ్ళీ నాలుగేళ్ళు.

ఆ డ్యాట్‌లో 60 నిమిషాలకి 90 ప్రశ్నల విభాగం ఒకటుంది. కాగితాన్ని మడిచి చిల్లు పొడిస్తే, విప్పాక ఎక్కడెక్కడ చిల్లులుంటాయో చెప్పాలి. కోణాల్లో ఏది చిన్నదో కంటితోనే తేల్చాలి. ఒకప్పుడు సుద్దముక్క ఇచ్చి చెక్కించేవారట, 1970ల్లో మానేశారు. చెక్కుడు పోయినా చేతి పనితనం ఏముందన్న ప్రశ్న పోలేదు. తోటి పిల్లల్లో వయొలిన్ వాయించేవాళ్ళున్నారు. మా అమ్మాయి చేతికి ఫోన్ తప్ప మరోటి తెలీదు.

"సకినాలు నేర్పిస్తా" అంది అమ్మ.

వంటింట్లో పాతచీర పరిచారు. నువ్వులూ వామూ కలిపిన తడిపిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెడుతూ, చీర వైపు చూడకుండా, నా సంపాదన గురించి మాట్లాడుతూ అమ్మ చుట్ల మీద చుట్లు తిప్పేసింది. వాటి మధ్య ఎడం స్కేలు పెట్టి గీసినట్టుంది. అమ్మాయి చుట్లు రెండో మలుపులోనే తెగేవి. తెగకూడదని లావుగా తిప్పింది. అలా నూనెలోంచి బయటికొచ్చిన వస్తువుని తండ్రిననే అభిమానంతో నేను కొరికాను.

దవడపన్ను విరిగింది.

డాక్టరు అపాయింట్‌మెంటు వెంటనే దొరికింది. నోట్లో అద్దం, గొట్టం, ఆయన వేళ్ళు ఉండగానే షాడోయింగ్ విషయం కదిపాను. ఏం అర్థమైందో గానీ, మత్తు ఇంకాస్త ఎక్కించారు. చివర్లో, షాడోయింగ్ కుదరదుగానీ క్రౌన్ మాత్రం తప్పదన్నారు. ఎస్టిమేటు చూశాక రెండో దవడా నొప్పెట్టింది.

మిగిలింది వ్యాసం. డెంటిస్టు ఎందుకవ్వాలనుకుంటున్నావో ఖాళీలతో కలిపి 4,500 అక్షరాల్లో చెప్పాలి. పిల్ల రోజూ కొన్ని రాసి అన్నీ కొట్టేస్తోంది. ఓ రాత్రి నానమ్మనే అడిగింది, మన ఇంట్లో పళ్ళ కథ ఏదైనా ఉందా అని.

"మీ తాతకు దవడ వాచె. లవంగం వెట్టుకొని దినాలు గడిపిండు. మీ నాయిన హాస్టల్ ఫీజు కట్టినంకనే పీకిచ్చుకున్నడు."

ఈ సంగతి నాకెవ్వరూ చెప్పలేదు. ఆయన ఒక పక్కనే నమలడం చూస్తూ పెరిగాను, అది ఆయన అలవాటనుకున్నాను. అమ్మాయి టైపు చేసుకుంటూ పోయింది. వ్యాసం దిద్దిపెడతానని అన్నవాణ్ణే, ఆ పేరా జోలికి మాత్రం వెళ్ళలేదు.

గంటలింకా నిండలేదు. డల్లాస్ చుట్టుపక్కల ప్రాక్టీసున్న తెలుగు డెంటిస్టులెవరైనా ఇది చదువుతుంటే దయచేసి కబురు పెట్టండి. పిల్ల బుద్ధిగా గోడకానుకుని నిలబడుతుంది, దేన్నీ ముట్టుకోదు. సకినాలు పంపిస్తాను, అమ్మ చేసినవే.