మా రోజుల్ల డబ్బా మూత ఊడేది

ఏం బిడ్డా, నెట్టు ఆగంగనే ఆ తెల్ల రౌటరు డబ్బాను బందు చేసి మళ్ల పెట్టుడు తప్ప ఇంకో పని తెలుస్తదా మీకు? మా రోజుల్ల నల్లగొండ గడియారం దిక్కు రేడియో దుకాణంల కూసొని వెనక అట్ట ఊడదీస్తే, ఏ వాల్వు యాడుందో అంతా కండ్లకు కనబడేది. కండెన్సరు పోతే కండెన్సరే మార్చెటోళ్లం. టంకం పొగ, హైదరాబాదు కేంద్రం వార్తలు, పక్క హోటల్ నుంచి చాయ్... పొద్దు ఎట్ల పోయేదో. పాలమూరు దిక్కు పెద్దమనిషొకాయన మర్ఫీ సెట్టును ముల్లెగట్టి బస్సుల తెచ్చి, బాగయ్యేదాక లేవకపోయేటోడు. ఇదేంది, అదెందుకు అని అడుగుడే. కొన్నాళ్లకు రావుడే బందువెట్టిండు. ఇంట్ల తనే టంకం కొట్టుకుంటున్నడట! గిరాకి పోయిందని మేం బాధపడలే.

ఇప్పుడు మూతకు స్క్రూ గూడ కనబడదు. లోపలి సాఫ్టువేరు పాస్‌వర్డు కంపెనోళ్ల దగ్గరుంటది. దూరం నుంచే రాత్రికిరాత్రి మార్చిపోతరు. మేం కనెక్షను మార్చినంక పాత డబ్బా దేనికీ పనికిరాలే. లైట్లన్నీ మంచిగనే వెలుగుతున్నయి. ఇల్లు అమ్మి తాళంచెవి జేబుల ఏసుకపోయినట్టు గాదా ఇది?

మీ కాలంల గూడ ఒక మంచి పని జరిగింది. 2002ల లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటరొచ్చింది. లోపల నడిచేది లినక్స్ అనే సాఫ్టువేరని కొందరు పసిగట్టిన్రు. లినక్స్ పెట్టి సామాను అమ్మెటోడు దాని సోర్సు కోడు గూడ ఇయ్యాలె, అది షరతు. నిలదీసి 2003ల ఇప్పిచ్చిన్రు. 2004ల ఆ కోడు మీదనే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటరు సాఫ్టువేరు మొదలైంది. కంపెనీ వదిలేసిన కొన్ని రౌటర్లకు గూడ దాంతోని కొత్త రక్షణలు ఎక్కించుకోవచ్చు. కంపెనీ ఊకుంటదా? 2005ల మెమొరీ తగ్గించి, లినక్స్ తీసేసింది. లినక్స్ రకాన్ని వేరే పేరుతోని అమ్మింది.

2024 డిసెంబరుల మా పాత పాలమూరు జిల్లా మద్దూరుకు సర్కారు ఫైబర్ నెట్టు టీ-ఫైబర్ పైలట్‌గ వచ్చింది. ఇప్పుడది నారాయణపేట జిల్లానట, జిల్లాలు గూడ ఒక్కతీరుగ ఉండనియ్యరు. టెలిఫోను తీగె మీద గీపెట్టుకుంట నడిచిన నెట్టును నేను మెచ్చుకోను, ఫైబర్ వచ్చుడు మంచిదే. కాని ప్రజల పైసతోని ఏసిన తీగె అది. దాని చివర పెట్టే డబ్బా కోడు, పాస్‌వర్డు ఊరోళ్ల చేతికి రావాలె. అడగున్రి! పాలిటెక్నిక్ పోరగాండ్లు పాత రౌటరు మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కిస్తే ఖరాబైతదా? కానియ్యిన్రి, మేం ఎన్ని రేడియోలు ఖరాబు చేస్తే పని వచ్చింది! హైదరాబాదుల స్వేచ్ఛ అనే సంస్థోళ్లు లినక్స్‌నే తెలుగుల తయారుచేసిన్రు, వాళ్ల దగ్గరికి పోయి కూసోన్రి.