స్కోరు పంపుట ఐచ్ఛికము: పార్సిప్పనీ టీకా తాత్పర్యం

మూలం: స్కోరు పంపుట ఐచ్ఛికము.

అవతారిక: ఉన్నవి మూడే మాటలు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని నియమం పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి అయితే దీన్ని ఒక పూటలో తేల్చేసేవాడు. ఆయనది మెదక్ దగ్గరి కొల్చారం. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో మాత్రం ఆ నియమం నిలవదు. పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్లలో కాలేజీ ముందస్తు దరఖాస్తుల గడువు నవంబర్ 1 దగ్గరపడేకొద్దీ ఈ మూడు మాటలకు మూలంలో లేని అర్థాలన్నీ పుట్టుకొస్తాయి. రూట్ 46 మీది కిరాణా కొట్లో కొత్తిమీర కట్ట ఏరుతూ ఒకరు వ్యాఖ్యానిస్తే, గుడి మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ ఇంకొకరు ఖండిస్తారు. 2024లో దీపావళి సరిగ్గా గడువుకు ముందు రోజే, అక్టోబర్ 31న పడింది. ఒక చేత ప్రమిదలు, ఒక చేత ల్యాప్‌టాప్.

ప్రతిపదార్థం: స్కోరు = అమెరికా కాలేజీల్లో ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీ పరీక్షలో 400 నుంచి 1600 లోపు వచ్చే అంకె. చదువు, రాత కలిపి ఒక భాగం, లెక్కలు ఒక భాగం, ఒక్కోదానికి గరిష్ఠం 800. 1926లో పుట్టిన ఈ పరీక్ష 2024 మార్చిలో అమెరికాలో కంప్యూటర్ మీదికి మారింది. ఇప్పుడు 98 ప్రశ్నలు, 2 గంటల 14 నిమిషాలు.

పంపుట = కాలేజీకి చేరవేయడం. ఇక్కడొక చమత్కారం ఉంది. పరీక్ష అయిన తొమ్మిది రోజుల లోపు చెబితే నాలుగు కాలేజీలకు, పరీక్ష నడిపే కాలేజ్ బోర్డు ఉచితంగా పంపుతుంది. ఫలితం వచ్చేది మాత్రం దాదాపు రెండు వారాలకు. అంటే ఎంతొచ్చిందో తెలియక ముందు పంపితే ఊరికే, తెలిశాక పంపితే డబ్బు. పెళ్లికూతుర్ని చూడకుండా తాంబూలాలు పుచ్చుకుంటే కట్నం మినహాయింపు అన్నట్టు!

ఐచ్ఛికము = ఇచ్ఛను బట్టి నడిచేది. ఎవరి ఇచ్ఛ అన్నది మూలం చెప్పదు.

ఉదాహరణ: పార్సిప్పనీలోని లేక్ హయవాథా పేటలో ఒక ఇల్లు అనుకుందాం. అమ్మాయికి మార్చిలో చదువు-రాతలో 680, లెక్కల్లో 770, మొత్తం 1450. ఆగస్టులో 720, 740, మొత్తం 1460. సూపర్‌స్కోరు ఇచ్చే కాలేజీ ఏ భాగంలో ఏది ఎక్కువో అది తీసుకుంటుంది. 720, 770 కలిపి 1490. వ్యాకరణంలో దీన్ని సంధి అనాలి. రెండు పదాలు కలిసేటప్పుడు ఒక అచ్చు లోపించినట్టు, ఇక్కడ 680, 740 లోపించాయి. కాకపోతే 2009 నుంచి ఉన్న స్కోర్ చాయిస్ ఏర్పాటు తేదీల వారీగా తప్ప భాగాల వారీగా ఎంచుకోనివ్వదు. మార్చి లెక్కలు అధికారికంగా పంపాలంటే మార్చి రాతనీ వెంట తీసుకెళ్లాల్సిందే.

పాఠభేదాలు: చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ‘బహుళం’ అనే మాట చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దానికి నాలుగు అర్థాలు చెబుతారు: ఒకచోట తప్పక జరగడం, ఒకచోట అసలు జరగకపోవడం, ఒకచోట జరిగినా మానినా సరే అనడం, ఒకచోట వేరే ఏదో జరగడం. అమెరికా కాలేజీలు వైకల్పికమని పైకి చెబుతున్నది నిజానికి ఈ బహుళమే.

కరోనా కాలంలో చాలా కాలేజీలు సడలించినా, ఎంఐటీ 2022 మార్చిలోనే స్కోరు మళ్లీ తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ అదే దారి పట్టాయి. ఇది నిత్యం. జార్జ్‌టౌన్ ఇంకో ఆకు ఎక్కువ చదివింది, రాసిన ప్రతిసారీ వచ్చినదంతా చూపమంటుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రతిలో ఈ వాక్యమే కొట్టేసి ఉంది, పంపినా చూడరు. ఇది నిషేధం. కొలంబియా 2023 మార్చిలో ఇక శాశ్వతంగా మీ ఇష్టమే అంది. ఇది వికల్పం. యేల్ 2024లో ఎస్‌ఏటీ గాని, దాని సాటి పరీక్ష ఏసీటీ గాని, హైస్కూల్లోనే రాసే ఏపీ పరీక్షలు గాని, ఐబీ పరీక్షలు గాని ఏదో ఒకటి చూపమంది. ఏపీ దారి పట్టినవాళ్లు అప్పటిదాకా రాసిన ఏపీలన్నీ చూపాలి. ఇది అన్యకార్యం. వికల్పం కరోనాతో పుట్టిందనుకోవడం కూడా పొరపాటే, మెయిన్ రాష్ట్రంలోని బోడన్ కాలేజీ 1969లోనే ఆ పని చేసింది.

పూర్వపక్షం: ఆ లేక్ హయవాథా ఇంటి తండ్రిది ఎంసెట్ తరం. ర్యాంకు దాచడమన్నది ఆయన ఎరగని విద్య. మంచి ర్యాంకైతే కోచింగ్ సెంటర్ వాళ్లే ఫొటోతో పేపర్లో వేసేవారు, కాకపోతే వచ్చిన ప్రతి చుట్టమూ అడిగి మరీ వెళ్లేవాడు. “వచ్చింది చెప్పకపోవడం అబద్ధం కాదూ?” అంటాడాయన.

“అబద్ధమెందుకవుతుందండీ? ధర్మరాజు ‘కుంజరః’ అని గొంతు తగ్గించలేదూ?” అంటుంది అమ్మాయి తల్లి.

“ఆ తగ్గించినందుకే ఆయన రథం నేలకు దిగింది.”

సిద్ధాంతం: ఇక్కడ అసలు చిక్కు నీతిది కాదు, లెక్కది. చాలా కాలేజీలు కామన్ డేటా సెట్ పేరుతో ఒక పట్టిక ప్రకటిస్తాయి. చేరినవాళ్లలో స్కోరు పంపిన వారి 25వ, 75వ పర్సెంటైల్ అందులో ఉంటాయి. కింది అంకెను గడప అనుకుని వెనుదిరిగేవాళ్లు ఎక్కువ. నిజానికి స్కోరు పంపి చేరినవారిలో సుమారు పావు వంతు ఆ అంకెకు దిగువనే ఉన్నారు. పైగా పంపడం ఇష్టమన్నాక, తక్కువ వచ్చినవాళ్లు ఆగిపోతారు. పంపినవాళ్ల సగటు పెరుగుతుంది. మరుసటి ఏడు అది చూసి ఇంకొందరు ఆగిపోతారు. డార్ట్‌మత్ తన దరఖాస్తుల్నే తిరగేసి చూసినప్పుడు బయటపడింది ఇదే. అంతగా వసతుల్లేని ఇళ్ల పిల్లలు 1400 పైన తెచ్చుకుని కూడా తక్కువనుకుని దాచారు. పంపి ఉంటే వాళ్లకు మేలే జరిగేది. ఒకే 1450ని కాలేజీ, దాన్ని పంపిన పిల్లవాడి బడినీ పేటనీ పక్కన పెట్టుకుని చదువుతుంది. మంచి బళ్లున్న పార్సిప్పనీ నుంచి వెళ్లిన 1450కి ఆ సానుభూతి దొరుకుతుందన్న భరోసా లేదు. ఆ తల్లిదండ్రుల తర్జనభర్జన అందుకే.

తాత్పర్యం: నవంబర్ 1కి ముందు రాత్రి భోజనాల బల్ల మీద అమ్మాయి ఒక్కో కాలేజీకి ఒక్కో నిర్ణయం చేసింది. తప్పనిసరి అన్నవాటికి రెండు తేదీలూ. ఇష్టమన్నవాటిలో పట్టిక మధ్యలో పడితే పంపడం, బాగా కిందైతే మానడం. అప్పుడే గుంటూరు నుంచి అమ్మమ్మ ఫోను.

“ఎంతొచ్చాయే పిల్లకి?”

“పద్నాలుగు వందల తొంభై, అమ్మా.” రెండు తేదీల సంగతి తల్లి చెప్పలేదు.

“ఎన్నిటికి?”

“పదహారు వందలకి.”

కాసేపు అవతల నిశ్శబ్దం. “మరి మిగతా నూట పదీ ఏమయ్యాయి?”